పెరికెద్దుల బాట

ఛత్తీస్‌గఢ్ మైదానము వరికి నెలవు. మహానదియు, శివనాథ నదియు, వాని ఉపనదులును తడిపెడి ఆ నేల, వానలు సకాలమున కురిసిన ఏట, తన బిడ్డలు తినగా మిగులునంతటి ధాన్యమును ఇచ్చును. కాని ఆ అన్నమున కలుపుకొనుటకు చిటికెడు ఉప్పును మాత్రము ఈయజాలదు. తూర్పున, కొండల కావల, నౌపడ మొదలు విశాఖపట్టణము వరకు గల ఆంధ్ర తీరమున, మాఘము నుండి జ్యేష్ఠము వరకు ఉప్పుమడులలో తెల్లని రాసులు పేరుకొనును. ఆ సముద్రమునకును ఈ మైదానమునకును నడుమ తూర్పు కనుమలు, వాని వెనుక బస్తరు పీఠభూమి, దట్టమైన అడవులు, వాగులు, మన్యపు జ్వరములు. ఇన్ని అడ్డంకులున్నను ఉప్పు పైకెక్కెను. ధాన్యము క్రిందికి దిగెను. ఆ దారిని వేయుమని ఏ రాజును ఆజ్ఞాపింపలేదు; ఏ ఇంజనీరును గీత గీయలేదు. ఉప్పు లేని కూడు ఎవ్వరును చిరకాలము తినజాలరు గనుక ఆ దారి పుట్టినది.

ఆ దారికి ఒక కొన రాయపూరు. నేడు ఆ నగరమున దేవేంద్ర నగర్‌ను చూచువారికి అచట ప్రాచీన వర్తక మార్గపు జాడ యేదియు కానరాదు. అది ఇటీవలి కాలమున వెలసిన నివాస ప్రదేశము. దాని చేరువనే పండరీ బట్టల బజారు. రైలు స్టేషను కడ మొదలై ఫాఫాడీహ్, దేవేంద్ర నగర్, పండరీ, శంకర నగర్, తెలీబాంధాల మీదుగా దక్షిణమునకు సాగు ఎక్స్‌ప్రెస్ రోడ్డుపై వాహనములు ఎడతెగక పోవుచుండును. 2017 వరకు అదే జాగాలో రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న రైలు పట్టాలు ఉండెడివి. 1900లో తెరువబడిన ఆ రైలుమార్గము రాయపూరు నుండి ధమ్తరికి పోవుచు, నడుమ అభన్‌పూర్ కడ చీలి రాజిమునకు ఒక కొమ్మ చాచెను. ధమ్తరి ప్రాంతపు వరియు, అడవి సరకులును ఆ చిన్న బండ్లపై రాయపూరు చేరుచుండెను. పట్టాలు పరువకముందు, 1741లో నాగపూరు భోంసలేల సేనలు ఛత్తీస్‌గఢ్‌ను లోబరచుకొనిన కాలమునను, అంతకు పూర్వమును, అదే దిక్కుగా ఎద్దుల బిడారులు నడచెడివి. బిడారు మీద పట్టా, పట్టా మీద తారురోడ్డు. పై పొరను మాత్రమే నగరము ఎరుగును.

బిడారులను నడిపిన జనమును ఛత్తీస్‌గఢ్‌లో బంజారాలనియు, తెలుగుదేశమున లంబాడీలు, సుగాలీలనియు పిలిచిరి. వారిలో ఒక శాఖకు లభానా అని పేరు. అది లవణ శబ్దము నుండి పుట్టినదని 1916లో వెలువడిన మధ్యపరగణాల కులములను గూర్చిన గ్రంథమున రస్సెల్, రాయబహద్దూర్ హీరాలాల్ వ్రాసిరి. ఉప్పు మోసినవారికి ఉప్పే పేరైనది. తీరప్రాంతపు తెలుగువారిలోను ఇట్టి పేర్లు కలవు. ఎద్దుకు ఇరుప్రక్కల వ్రేలాడునట్లు వేసెడి గోనెసంచుల జత పెరిక. పెరికలు నేసి, వానిలో ధాన్యమును ఉప్పును నింపి ఎద్దులపై మోసినవారు పెరికవారైరి. ఉప్పు పండించినవారు ఉప్పరులైరి. ఆ వృత్తి చేజారిన పిమ్మట వారు చెరువులు త్రవ్వి, మట్టి మోసి బ్రతికిరి. పని పోయినను పేరు నిలిచినది. ఈ బాట చరిత్రకు మొదటి సాక్ష్యము ఈ పేర్లే.

విదేశ యాత్రికులు ఈ బిడారులను చూచి విస్తుపోయిరి. 1632లో ఆగ్రా నుండి పాట్నాకు పోవుచున్న ఆంగ్ల వర్తకుడు పీటర్ మండీకి ధాన్యము మోయుచున్న 14,000 ఎద్దుల బిడారు ఒకటి ఎదురైనది. కొల్లూరు వజ్రపు గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1676లో ప్రచురించిన తన యాత్రాగ్రంథమున, ఈ జనము నాలుగు శాఖలుగా ఏర్పడి, ఒక శాఖ గోధుమల వంటి గింజలను, ఒకటి బియ్యమును, ఒకటి పప్పుదినుసులను, ఒకటి ఉప్పును మాత్రమే మోసెడిదని తెలిపెను. వారు చూచినవి ఉత్తర హిందూస్థానపు, దక్కను పీఠభూమి దారులు. ఛత్తీస్‌గఢ్ నుండి తీరమునకు దిగెడి దారి అంతకంటె కఠినమైనది. అందు నడచినవారును ఆ జనమే.

బిడారు నడక నింపాదిగా సాగును. ఎద్దు మేయవలెను, నెమరు వేయవలెను. కావున దినమునకు ఆరేడు మైళ్లకు మించి నడచుట అరుదు. తెల్లవారకముందే పెరికలు ఎత్తుదురు. ఎండ ముదురకముందే దింపుదురు. ఎద్దులను మేతకు విడిచి, రాత్రికి పెరికలను గోడవలె పేర్చి, ఆ కోట నడుమ స్త్రీలను, బిడ్డలను ఉంచి, వెలుపల కుక్కలను కావలి పెట్టుదురు. దారి పొడవున గల బీళ్లును అడవులును ఎద్దుల మేత. దానికి వెల లేదు. వారి లెక్కలోని కీలకమంతయు ఇదియే. బండికి చదునైన దారి కావలెను. ఎద్దుకు గడ్డియు నీరును చాలును. బండి ఎక్కజాలని కనుమలను పెరికెద్దు ఎక్కగలిగినది ఇందువలననే. ఈ నడక లెక్కన రాయపూరు నుండి విజయనగర ప్రాంతపు తీరమునకు రమారమి రెండు నెలల ప్రయాణము. నూర్పిళ్లు ముగిసిన పిమ్మట పుష్యమున బయలుదేరిన బిడారు ఫాల్గుణమునకు తీరము చేరినచో, అప్పటికి ఉప్పుమడులు పక్వమై యుండును. తిరిగి తొలకరికి ముందు కనుమలెక్కి మైదానము చేరవలెను. నల్లరేగడి బురదలో ఎద్దు నడువదు. వర్షమున ఉప్పు నిలువదు. ఆ విధముగా వానయే వారికి పంచాంగము.

బిడారు ముందు నడచు ఎద్దును గూర్చి సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ బాల్ఫర్ 1844లో వర్ణించెను. అది బాలాజీకి అంకితమైన ఎద్దు. దాని వీపున ఏ బరువును వేయరు. ఎర్రని పట్టు కుచ్చులు, ఇత్తడి గొలుసులు, గవ్వల పేరులు, చిరుగంటలు దానికి అలంకారములు. అలసి అది ఎచట పండుకొనునో ఆనాటి మజిలీ అచటనే. రోగము గాని, కష్టము గాని కలిగినపుడు దాని పాదముల కడ మ్రొక్కుకొందురు. తిరుమలలో హాథీరాం బావాజీ మఠమును ఎరిగిన తెలుగువారికి, ఉత్తరాది భాష మాటలాడెడి ఈ జనమునకు వేంకటేశ్వరునిపై గల భక్తి వింతగా తోచదు. వర్తకము దేవుని వెంట నడచెను. మజిలీని నిర్ణయించు అధికారము నాయకునిది కాదు, మూగజీవిది.

బాట యనగా ఒక్క గీత కాదు. రాయపూరు నుండి ఆగ్నేయముగా కలహండి మీదుగా రాయగడ, పార్వతీపురములకు ఒక దారి. దక్షిణముగా కాంకేర్, బస్తరు, జయపురముల మీదుగా సాలూరునకు మరియొకటి. గోదావరి వైపునకు వేరొకటి. ఇందు రెండవదానిని నేటి పథికుడు సుళువుగా అనుసరింపగలడు. ఏలయనగా పూర్వపు 43వ నంబరు జాతీయ రహదారి దాని వెంబడియే సాగెను. 2010లో నంబర్లు మారిన తరువాత అది 30, 63, 26 నంబర్ల నడుమ పంచుకొనబడినది.

రాయపూరు సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున నున్నది. అచట నుండి ధమ్తరి వరకు వరిపొలములు, చెరువులు. కాంకేర్ చేరునప్పటికి కొండలు దగ్గరగును. పిమ్మట కేశకాల్ కనుమ: పండ్రెండు మలుపులలో దారి బస్తరు పీఠభూమి పైకి చేరును. మలుపుల నడుమ తేలిన్ మాత గుడి కడ వాహనములు నేటికిని ఆగును. పీఠభూమిపై కొండగావ్‌న మైనపు అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోతపోయు ఘడ్వా శిల్పులు, ఇంద్రావతి ఒడ్డున జగదల్‌పూర్, ఆ తరువాత ఒడిశాలో మద్దిచెక్కను పోలిన వేరుచెక్క రంగుతో నూలు అద్ది నేయు కోట్‌పాడ్, బోరిగుమ్మ, జయపురము. జయపురము నుండి దారి తిరిగి పైకెక్కి 870 మీటర్ల ఎత్తున కోరాపుట్ చేరును. పొట్టంగి, సుంకి దాటిన పిమ్మట కొండ ఒక్కసారిగా దిగును, దిగువన సాలూరు. కొండసరకులకును తీరపు ఉప్పునకును మారకము జరిగిన బేరపు పట్టణము అది. అచట నుండి రామభద్రపురము, గజపతినగరము, విజయనగరము.

ఈ దారిలో రాళ్లకంటె త్వరగా మారునది మాట. రాయపూరున ఛత్తీస్‌గఢీ, కేశకాల్ దాటిన పిమ్మట హల్బీ, గోండీ, జయపురమున ఒడియా, దేశియా, సాలూరున తెలుగు. ఉప్పును ఛత్తీస్‌గఢీలో నూన్ అందురు, ఒడియాలో లుణ అందురు. ఈ పేర్లన్నియు బిడారు నాయకునకు నోటనుండవలెను. హల్బీ, దేశియాలు పలు భాషల వారి నడుమ సంతలలో వాడుకైన మాటలు. సంత లేనిచో అట్టి భాషలకు అంతటి వ్యాప్తి కలుగదు.

తెలుగు వారికి ఈ దారి పరాయిది కాదు. ఇంద్రావతీ ప్రాంతమున బారసూరులో 11వ శతాబ్దము నాటి తెలుగు శాసనము లభించినది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఆ అడవులకు పోయి రాజ్యమును నెలకొల్పెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. ఇటీవలి కాలమున జయపురపు మహారాజు విక్రమదేవవర్మ ఒడియా, తెలుగు భాషలు రెంటను రచనలు చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయల విరాళమొసగెను; అచటి విజ్ఞానశాస్త్ర కళాశాల ఆయన పేర వెలసినది. కొండపై నుండి ధాన్యము దిగిన దారినే విద్యాదానమును దిగివచ్చినది.

ప్రభుత్వములు ఈ దారిని ఆలస్యముగా కనుగొనినవి. 1795లో ఈస్టిండియా కంపెనీ సైన్యమునకు చెందిన కెప్టెన్ జె. టి. బ్లంట్, గంగాతీరమున చునారు నుండి ఉత్తర సర్కారులకు తిన్నని మార్గము వెదకుచు బయలుదేరెను. రత్నపూరు, రాయపూరు, కాంకేర్‌ల వరకు వచ్చెను. బస్తరు నడుమ నుండి పోవుట ప్రమాదమని తెలిసికొని పడమటికి మరలి, గోండుల ఎదిరింపును చవిచూచి, గోదావరి ప్రాంతముగుండ తుదకు ఏలూరు సర్కారులోని యర్నగూడెము చేరెను. ఆయన యాత్రావృత్తాంతము 'ఏషియాటిక్ రిసెర్చెస్' ఏడవ సంపుటమున అచ్చయినది. తుపాకులు గల సిపాయిలతో వచ్చిన అధికారికి మూతబడిన అడవి, కర్రయు కుక్కయు తప్ప వేరే రక్షణ లేని వర్తకునకు తెరచుకొనెను. కారణము దుర్గ్రాహ్యము కాదు. సర్వేయరు కొలతగొలుసుతో వచ్చెను. బంజారా ఉప్పుతో వచ్చెను.

అయినను ఈ బాటను పుణ్యమార్గముగా వర్ణించుట చరిత్రకు అపచారము. ఉప్పు కొరతయైన చోట ఉప్పు గలవాడు ధర నిర్ణయించును. బస్తరు అడవులలో ఆదివాసులు సారపప్పునకు ఎత్తునకు ఎత్తు ఉప్పు పుచ్చుకొనుట చిరకాలము సాగినది. నగరమున సారపప్పు పండుగ పిండివంటలకు వాడు ఖరీదైన వస్తువు. ఉప్పు తీరమున కారుచవుక. ఏరిన చేతికిని, అమ్మిన చేతికిని నడుమ ఎంత దూరమో అంత లాభము. ఆ లాభమంతయు బిడారు మోసినవానికి దక్కలేదు. పెట్టుబడి పెట్టిన సాహుకారు ఒకడు వెనుక ఉండెడివాడు. ఎద్దుల కొనుగోలునకు, కరవు కాలపు తిండికి బంజారా వానికి ఋణపడి యుండెడివాడు.

ఆ ఋణపు కథయే ఛత్తీస్‌గఢ్‌లో గుడియై వెలసినది. బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామమున కుకుర్‌దేవ్ మందిరము కలదు. కుకుర్ అనగా కుక్క. కరవు వచ్చిన ఏట ఒక బంజారా తన కుక్కను సాహుకారు వద్ద కుదువ పెట్టెనట. ఒకనాటి రాత్రి సాహుకారు ఇంట దొంగలు పడి సొమ్మును దాచిన చోటిని ఆ కుక్క చూచి, మరునాడు యజమానిని అచటికి కొనిపోయినదట. సొమ్ము దొరికిన ఆనందమున సాహుకారు, బాకీ తీరినదని చీటి వ్రాసి, దానిని కుక్క మెడకు కట్టి విడిచిపుచ్చెను. తన మాటను, తాకట్టును భంగపరచి పారివచ్చినదని తలచి బంజారా దానిని కొట్టి చంపెను. పిదప మెడలోని చీటి కనబడెను. ఇట్టి కథ ఇతర ప్రాంతములందును వినబడును. కాని బిడారులు నడచిన దారుల చెంత దానికి ప్రత్యేకమైన అర్థము కలదు. వ్రాతపత్రములు అరుదైన వర్తకమున మాటయే పత్రము. మాట తప్పెనన్న అనుమానమునకే ప్రాణము పోయినది. దారి పొడవునను సరకుతో పాటు నమ్మకమును మోయవలసి యుండెడిదని, ఆ బరువు పెరికకంటె తక్కువ కాదని ఆ గుడి చెప్పుచున్నది.

19వ శతాబ్దమున ఉప్పు రాజ్యాధికారమునకు సాధనమైనది. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పును తన గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చెను. తన మడిలో పండించిన ఉప్పును రైతు సర్కారు కొఠారునకే అప్పగింపవలెను. బంజారా సర్కారు ధరకే కొనవలెను. ఉత్తరమున మరియొక వింత జరిగినది. ఉప్పుపన్ను ఎగవేతను అరికట్టుటకు ఆంగ్ల ప్రభుత్వము సింధునది నుండి మహానది వరకు సుంకపు సరిహద్దును ఏర్పరచెను. 1869 నాటికి అది 2,300 మైళ్ల పొడవునకు పెరిగినది. పెక్కుచోట్ల ముండ్లకంచెను నాటి, సుమారు 12,000 మందిని కాపు పెట్టిరి. 1879లో దానిని ఎత్తివేసిరి. ఉప్పు కొరకు తరతరములుగా దారులు వేసిన నేలపై, ఉప్పు కొరకే అడ్డుగోడ లేచుట ఆ శతాబ్దపు విశేషము. 1930లో దేశమంతట ఉప్పు సత్యాగ్రహము రగులుకొనుటకు మూలములు ఈ చరిత్రలో నున్నవి.

బిడారులను అంతమొందించినది మాత్రము పన్ను కాదు, రైలు. నాగపూరు నుండి బయలుదేరిన పట్టాలు 1882 నాటికి రాజనంద్‌గావ్‌ను చేరెను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే వానిని రాయపూరు, బిలాసపూరుల మీదుగా కలకత్తా వైపునకు పొడిగించెను. 1893–1896 నడుమ తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడెను. 1909 నాటికి విజయనగరము నుండి పార్వతీపురమునకు పట్టాలు పడెను. కనుమలను చీల్చుకొని పార్వతీపురమునకును రాయపూరునకును నడుమ మార్గము 1931లో పూర్తియైనది. 1933లో విశాఖపట్టణపు రేవు ప్రారంభమైనది. కలహండి దారిన బిడారులు రెండు నెలలు నడచిన దూరమును గూడ్సు బండి రెండు దినములలోపల దాటెను. తీరపు ఉప్పు ధర లోపల దిగినది. కరవు ప్రాంతములకు ధాన్యము త్వరగా చేరు వీలు కలిగినది. ఈ మేలును కాదనువాడు చరిత్రకు అన్యాయము చేయును. అదే రైలు తెలుగు కుటుంబములను ఉద్యోగములకై రాయపూరు, బిలాసపూరు, ఖరగపూరులకు కొనిపోయెను. 1959లో ఉత్పత్తి మొదలైన భిలాయి ఉక్కు కర్మాగారము మరికొందరిని పిలిచెను. ఎద్దుల వెంట నడచిన తెలుగుమాట ఇపుడు రైలెక్కి అదే దిక్కున పోయినది.

కాని మోసినవారు ఏమైరి? ఎద్దుకు పని పోయినది. రక్షితారణ్యములు ఏర్పడిన పిమ్మట ఉచితమైన మేతయు పోయినది. స్థిరనివాసము లేనివారిని సర్కారు శంకతో చూచెను. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టము క్రింద కొన్ని ప్రాంతములందు బంజారాలును చేర్చబడిరి. ఒకనాడు సైన్యములకు ధాన్యము చేరవేసి రాజుల మన్నన పొందిన జనము పోలీసు ఠాణాలో హాజరు పలుకవలసి వచ్చెను. స్వతంత్ర భారతము 1952లో ఆ చట్టమును రద్దు చేసెను. బిడారు మజిలీకి తాండా అని పేరు. నేడు తెలుగు రాష్ట్రములలో తాండా అనగా లంబాడీల స్థిరమైన ఊరు. ఆ ఒకే జనము తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకమున షెడ్యూల్డు కులము. దారి వారిని కలిపియుంచినది. దారి పోయిన పిమ్మట సరిహద్దులు వారిని విడదీసినవి.

బస్తరు దారులలో తరువాత నడచినది ఇనుము. 1960లో కుదిరిన ఒప్పందము ప్రకారము బైలాడిలా కొండల ఇనుపరాయిని జపాను ఉక్కు మిల్లులకు పంపుటకు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము వేయబడెను. 1960ల చివరి నుండి ఆ రాయి విశాఖపట్టణపు రేవున ఓడలెక్కి జపాను చేరెను. ఆ దేశము తన ప్రాచీన వర్తక మార్గమును నిలుపుకొనుటకు పూనుకొనినదియు సరిగా ఆ దినములలోనే. ఎడో నగరమును, అనగా నేటి టోక్యోను, క్యోటోతో కలుపుచు పర్వతముల నడుమ సాగిన నకసెందో మార్గము సుమారు 530 కిలోమీటర్లు. దానిపై 69 మజిలీ ఊళ్లు. కిసో లోయలో 1911లో పూర్తియైన రైలుమార్గము ఈ మజిలీలను విడిచి నదివెంబడి పోయెను. త్సుమాగో అను ఊరు పాడువడెను. 1968లో ఆ ఊరివారు పాత ఇండ్లను బాగుచేయ మొదలిడిరి. అమ్మరాదు, అద్దెకీయరాదు, కూలగొట్టరాదు అని తమలో తాము కట్టుబాటు చేసికొనిరి. 1976లో ప్రభుత్వము దానిని సంరక్షిత ప్రదేశముగా గుర్తించెను. నేడు మగోమే నుండి త్సుమాగో వరకు గల ఎనిమిది కిలోమీటర్ల కాలిబాటను దేశవిదేశముల వారు వచ్చి నడచుచున్నారు.

జపానులోను కొయ్య ఇండ్లు దాచియుంచిన చరిత్ర ఒకటి, దాచియుంచనిది మరియొకటి కలవు. ప్రభువుల ఊరేగింపులకు కూలీలను, గుర్రములను ఈయవలసిన విధి ఆ దారి చుట్టుపట్ల గ్రామములపై ఉండెను. ఆ భారము క్రింద రైతులు నలిగిరి. మగోమేలో జన్మించిన షిమాజాకి తోసోన్ 1929–1935 నడుమ వ్రాసిన బృహత్తర నవలకు ఆ ఊరి జీవితమే వస్తువు. అందువలన అచటి పథికుడు ఇండ్లను మాత్రమే చూడక, వాని వెనుక బరువు మోసినవారినిగూడ స్మరింపగలడు. బాటను ఊరివారు కాపాడిరి. మోతను రచయిత కాపాడెను.

పెరికెద్దుల బాటకు ఈ రెండును కలుగలేదు. కాపాడుటకు ఇండ్లే లేవు. బిడారు గుడారములను మోసికొని పోవును, మజిలీలో బూడిద మాత్రము మిగులును. ఉన్నవి గుడులు, కనుమలు, పేర్లు, తాండాలలో ముదుసలుల నోట నిలిచిన పాటలు. రాయపూరు నగరములోనే బంజారీ మాత పేర గుడి కలదు. ఛత్తీస్‌గఢ్‌లో బంజారీ దేవత వెలసిన తావులను, బంజారాలు త్రవ్వించిరని చెప్పుకొను చెరువులను, తెలుగునాట పెరిక, ఉప్పర నామములు గల వీధులను ఒక పటముపై గుర్తించినచో, ఏ సర్వేయరును గీయని ఆ దారి దానంతట అదియే తేలివచ్చును.

ఆ పని ఇపుడే జరుగవలసిన కారణము కలదు. అభన్‌పూర్ సమీపము నుండి విశాఖపట్టణ ప్రాంతమునకు సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి నిర్మాణమునకు ప్రభుత్వము పూనుకొనినది. ఇప్పటి రోడ్డు దాదాపు 595 కిలోమీటర్లు. కొత్త దారి ఊళ్లను తప్పించుకొని, కొండను సొరంగముతో దాటి, తిన్నగా పోవును. లారీకి 130 కిలోమీటర్లు కలిసివచ్చును. కేశకాల్ మలుపులు, పొట్టంగి సంత, సాలూరు బజారు ప్రక్కకు తొలగును. 1911లో త్సుమాగో ఏ స్థితిలో నిలిచెనో ఆ స్థితిలో నిలుచును. అచటివారు ఏమి నిలుపుకొనదలతురో వారే నిర్ణయింపవలెను. కాని నిలుపుకొనదగినది ఏదో తెలియుటకు, అంతకుముందే ఎవరో ఒకరు ఆ దారిన కాలినడకన పోయి, సంతసంతకు ఆగి, తాండాతాండాకు వెళ్లి, ఉప్పు ఎచట దింపెడివారని, ఎద్దులు ఎచట నీరు త్రాగెడివని అడిగి వ్రాసికొనవలెను. ఆ ప్రశ్నలకు బదులీయగలవారు ప్రతి ఏడును తగ్గుచున్నారు.